జన్యువుల తూములు, రక్త క్యాన్సర్లు: మా ఊళ్లో నన్ను అడిగే ప్రశ్నలు

నాది హనుమకొండ. ఉద్యోగం హైదరాబాదులో. రక్త క్యాన్సర్ కణాల్లో ఏ జన్యువు తెరుచుకుంటోంది, ఏది మూసుకుపోతోంది, ఎందుకు అన్నది నా పరిశోధన. సద్దుల బతుకమ్మకు ఇంటికి వస్తే చాలు, పేరుకు ముందు డాక్టర్ అని ఉన్నందుకు ఎవరో ఒకరు రిపోర్టుల కవరు చంకలో పెట్టుకుని గడప దగ్గర నిలబడతారు. నాది పీహెచ్‌డీ డాక్టరు పని, మందు రాసే అర్హత నాకు లేదు అని చెప్తాను. సరే అంటారు, కూర్చుంటారు, అయినా అడుగుతారు. అట్లా మళ్లీ మళ్లీ వచ్చిన ప్రశ్నలివి. చాలావరకు అడిగినవాళ్ల మాటల్లోనే ఉంచాను.

ఇంతకీ నువ్వు చేసే పనేంది బిడ్డా?

ఇది మా నాయనమ్మ అడిగింది. ఆమెది పాకాల ఆయకట్టు కింది ఊరు, అందుకే చెరువు భాషలోనే చెప్పాను. చెరువు ఒక్కటే, కట్ట ఒక్కటే. ఏ మడికి ఎప్పుడు నీళ్లు పోవాలో చూసేవాడు నీరటి. అతను చెరువును మార్చడు, కొత్త కాలువ తవ్వడు. తూము లేపుతాడు, దింపుతాడు, అంతే. మన ఒంట్లోనూ కంటి కణానికీ, కాలేయ కణానికీ, ఎముక మూలుగలో పుట్టే రక్తకణానికీ ఉన్నది ఒకే డీఎన్ఎ. విప్పి పరిస్తే దాదాపు 2 మీటర్ల దారం, అందులో ప్రోటీన్లు తయారు చేసే జన్యువులు సుమారు 20,000. కంటిలో హిమోగ్లోబిన్ తూము మూసి ఉంటుంది, ఎర్రకణం తయారయ్యే చోట బార్లా తెరిచి ఉంటుంది. డీఎన్ఎ రాత మారకుండా వాడకం మాత్రమే మారే ఈ ఏర్పాటును చదివే శాస్త్రం ఎపిజెనెటిక్స్. ఆ పేరు పెట్టింది బ్రిటిష్ శాస్త్రవేత్త కాన్రాడ్ వాడింగ్టన్, 1942లో.

"అయితే నువ్వు నీరటోళ్ల మీద నిఘా పెట్టినవన్నట్టు" అంది నాయనమ్మ. నా పని గురించి ఇంతకన్నా బాగా నేనూ చెప్పలేను.

చెరువు సరే. కణంలో తూము అంటే నిజంగా ఏ వస్తువు?

హిస్టోన్లనే ప్రోటీన్లు ఎనిమిది కలిసి ఒక కండె అవుతాయి. డీఎన్ఎ దారం అంటే ఎ, టి, జి, సి అనే నాలుగు రసాయన అక్షరాల వరుస. ఆ కండె చుట్టూ అది 147 అక్షరాల పొడవున చుట్టుకుంటుంది. ఇట్లాంటి కండెలు ఒక్కో కణంలో కోట్లలో ఉంటాయి. చుట్టు బిగుతుగా ఉంటే ఆ జన్యువు చదవడానికి అందదు. హిస్టోన్ తోకకు ఎసిటైల్ అనే చిన్న రసాయన గుంపు అంటుకుంటే చుట్టు వదులవుతుంది. ఇది ఒక రకం తూము.

రెండో రకం నేరుగా డీఎన్ఎ మీదే ఉంటుంది. సి అక్షరం పక్కన జి వచ్చే చోట, ఆ సి మీద మిథైల్ అనే గుర్తు పడుతుంది. జన్యువు మొదలయ్యే చోట ఇవి గుత్తులుగా పడితే ఆ జన్యువు సాధారణంగా నోరు మూసుకుంటుంది. కొత్త గుర్తులు పెట్టేవాళ్లలో ముఖ్యుడు డీఎన్ఎంటీ3ఏ అనే ఎంజైమ్. తుడిచే పని మొదలుపెట్టేవాడు టెట్2. కణం రెండుగా చీలినప్పుడు పాత గుర్తులను కొత్త పోగు మీదికి ఎక్కించేవాడు డీఎన్ఎంటీ1. చెరువు పోలిక ఇక్కడ తెగిపోతుంది. ఏ చెరువూ రెండు చెరువులుగా చీలదు, ఏ నీరటికీ తన లెక్కల పుస్తకాన్ని నకలు తీసి ఇంకో నీరటికి ఇచ్చే అవసరం రాదు. కణానికి మాత్రం చీలిన ప్రతిసారీ ఆ నకలు కావాలి. ఈ నకలు సంగతి గుర్తుంచుకోండి, మందు దగ్గర మళ్లీ వస్తుంది.

ఇంకొకటుంది. ఒక్కోసారి తూము లేపే మీట జన్యువు పక్కన ఉండదు, లక్షల అక్షరాల అవతల ఉంటుంది. డీఎన్ఎ మడత పడి మీట, జన్యువు ఒకచోటికి వస్తాయి. ఈ దూరపు మీటలను ఎన్‌హాన్సర్లు అంటాం. టి-కణాలనే తెల్లకణాల ల్యుకేమియా, అంటే రక్త క్యాన్సర్, ఉన్న కొందరిలో టాల్1 అనే జన్యువు దగ్గర, ప్రోటీన్ రాయని ఖాళీ చోట, కొద్ది అక్షరాలు అదనంగా చేరి బలమైన కొత్త మీటను పుట్టించాయని 2014లో తేలింది. జన్యువు మీద గీత కూడా పడలేదు. కొద్ది అక్షరాలు చేరితే చాలు, పిల్లవాడికి క్యాన్సర్. నన్ను ఈ రంగంలో కట్టిపడేసింది ఆ ఫలితమే.

మరి రక్త క్యాన్సర్‌కూ దీనికీ ఏం సంబంధం?

మూలుగలో రోజుకు దాదాపు 20,000 కోట్ల ఎర్రకణాలు తయారవుతాయి. ఇవన్నీ కొద్దిపాటి మూలకణాల సంతానం. పుట్టిన ప్రతి పసికణం తానేమవ్వాలో తేల్చుకుని, ఎదిగి, పని చేసి, చచ్చిపోవాలి. ప్రతి మెట్టు దగ్గరా కొన్ని తూములు మూసి కొన్ని తెరవాలి. అక్యూట్ మైలాయిడ్ ల్యుకేమియాలో, మేము ఏఎంఎల్ అంటాం, ఈ ఎదుగుదల మధ్యలో ఆగిపోతుంది. పసికణాలు ఎదగవు, చావవు, పుడుతూనే ఉంటాయి. వాటినే రిపోర్టులో బ్లాస్టులు అని రాస్తారు. మూలుగంతా అవే నిండితే ఎర్రకణాలకూ ప్లేట్‌లెట్లకూ చోటుండదు. అందుకే నీరసం, జ్వరం, చిగుళ్ల నుంచి రక్తం.

ఏఎంఎల్‌లో పాడయ్యే జన్యువులు తక్కువే. 2013లో అచ్చయిన 200 మంది అమెరికా రోగుల అధ్యయనంలో ఒక్కొక్కరికి సగటున 13 జన్యువుల్లోనే మార్పులు కనిపించాయి. పొగతాగేవాళ్ల ఊపిరితిత్తి క్యాన్సర్‌లో అవి వందల్లో ఉంటాయి. ఇంత తక్కువ మార్పులతో ఇంత ఘోరం ఎట్లా? చెడింది మామూలు జన్యువులు కావు, నీరటోళ్లు. 2010లో 281 మంది ఏఎంఎల్ రోగులను పరీక్షిస్తే 62 మందిలో డీఎన్ఎంటీ3ఏ చెడి ఉంది, అంటే 22 శాతం. టెట్2 చెడినవాళ్లు, ఐడీహెచ్1, ఐడీహెచ్2 చెడినవాళ్లు వేరే. ఐడీహెచ్ కథ మరీ విచిత్రం. అది అసలు తూముల దగ్గరి ఎంజైమే కాదు, కణం తిండి అరిగించే పనిలో ఉంటుంది. చెడితే ఒక అక్కర్లేని రసాయనాన్ని తయారుచేస్తుంది. ఆ రసాయనం వెళ్లి టెట్2 చేతులు కట్టేస్తుంది. వంటింట్లో పొగ లేస్తే వాకిట్లో ఊడ్చేవాళ్లకు కళ్లు కనపడనట్టు.

దగ్గర నుంచి చూస్తే ఇది ఎట్లా ఉంటుందో చెప్తాను. ఊదారంగు మూత ట్యూబులో రక్తం వస్తుంది. పలుచన చేసి, ఫైకాల్ అనే చిక్కటి ద్రవం మీద మెల్లగా పేర్చి, అరగంట గిర్రున తిప్పుతాం. అడుగున ఎర్రకణాలు, పైన పసుపుపచ్చ ప్లాస్మా, నడుమ తెల్లటి పలుచని ఉంగరం. ఆరోగ్యవంతుల రక్తంలో ఆ ఉంగరం కనీకనపడనట్టు, పొగమంచులా ఉంటుంది. కణాల సంఖ్య బాగా పెరిగిన ల్యుకేమియా రోగిది అయితే పెరుగు మీది మీగడంత మందం. మొదటిసారి చూసినప్పుడు నాకు అరనిమిషం మాట రాలేదు. ల్యుకేమియా అనే గ్రీకు మాటకు అర్థం తెల్లరక్తం. ఆ పేరు 1847లో జర్మన్ వైద్యుడు రుడాల్ఫ్ వీర్హో ఊరికే పెట్టలేదు.

మా బాపుకొచ్చింది. మాకూ వస్తదా?

ఎక్కువ మందికి రాదు. ఈ మార్పులు మీ నాన్నగారి మూలుగలో, ఆయన బతికినంత కాలంలో వచ్చినవి, వీర్యంలోనో అండంలోనో ఉన్నవి కావు. రన్ఎక్స్1, సెబ్పా లాంటి కొన్ని జన్యువుల్లో పుట్టుకతో వచ్చే లోపాలు అరుదుగా ఉంటాయి. ఒకే ఇంట్లో ఇద్దరు ముగ్గురికి వస్తే డాక్టరుకు తప్పక చెప్పండి. తోడబుట్టినవాళ్లను పరీక్షకు రమ్మన్నారంటే మాత్రం భయపడకండి, అది సాధారణంగా మూలకణాల మార్పిడికి దాత కోసం. ఒకే తల్లిదండ్రుల బిడ్డలిద్దరికి పూర్తిగా కలిసే అవకాశం నాలుగింట ఒకటి.

వయసు సంగతి వేరు. 70 దాటినవాళ్లలో పదిమందికి ఒకరికన్నా ఎక్కువే, ఏ జబ్బూ లేకపోయినా, రక్తంలో డీఎన్ఎంటీ3ఏనో టెట్2నో చెడిన కణాల గుంపు ఉంటుంది. అందులో ఏడాదికి నూటికి ఒకరో అంతకన్నా తక్కువో రక్త క్యాన్సర్ వైపు పోతారు. మిగతావాళ్లు దాని పేరు వినకుండానే వెళ్లిపోతారు.

పత్తి చేన్లకు మందు కొట్టి కొట్టి వచ్చిందంటరు?

ఎనుమాముల మార్కెట్‌కు పత్తి తెచ్చే రైతులున్న ప్రతి ఇంట్లో ఈ ప్రశ్న ఉంది. దాటవేయను. ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం 2015లో లిండేన్ అనే పురుగుమందును మనుషుల్లో క్యాన్సర్ తెచ్చేదిగా తేల్చింది, లింఫోమా అనే రక్త క్యాన్సర్‌కు సంబంధించి. గ్లైఫోసేట్, మలాథియాన్, డయాజినాన్‌లను బహుశా తెచ్చేవి అనే వరుసలో పెట్టింది. పెట్రోల్‌లో ఉండే బెంజీన్ ఏఎంఎల్‌ను తెస్తుందన్నది ఎప్పుడో రుజువైంది. అయినా మీ ఇంట్లో మనిషికి వచ్చింది ఫలానా డబ్బా వల్లే అని ఏ పరీక్షా చెప్పదు. నోటితో పైపు పీల్చకండి, గాలికి ఎదురు నిలబడి కొట్టకండి, ఆ బట్టలు ఇంటి బట్టలతో కలిపి ఉతకకండి. క్యాన్సర్ మాట అటుంచి, అదే సాయంత్రం ఆసుపత్రి పాలు కాకుండా ఉండటానికైనా.

పాషాణంతో క్యాన్సర్ నయమైతదట. నిజమేనా?

ఒక్క రకంలో నిజం, అదీ చాలా గట్టి నిజం. ఏపీఎల్ అనే ల్యుకేమియాలో 15, 17 క్రోమోజోములు ముక్కలు మార్చుకుంటాయి. రెండు జన్యువులు అతుక్కుని పీఎంఎల్-రారా అనే వికృత ప్రోటీన్ పుడుతుంది. అది ఎదుగుదల తూముల మీద కూర్చుని, హిస్టోన్ల మీది ఎసిటైల్ గుర్తులు ఊడదీసేవాళ్లను వెంట పిలుచుకుని, అన్నిటినీ బిగించేస్తుంది. విటమిన్ ఏ నుంచి వచ్చిన ఆట్రా అనే గోలీ ఎక్కువ మోతాదులో ఇస్తే ఆ పట్టు వదులుతుంది. పసికణాలు నిజంగానే ఎదిగి, తమ ఆయువు తీరి పోతాయి. కణాన్ని చంపకుండా పెద్దదాన్ని చేసి సాగనంపే వైద్యమన్నమాట. షాంఘైలో వాంగ్ ఝెన్‌యీ బృందం దీన్ని 1988లో ప్రపంచానికి చెప్పింది. పాషాణం, అంటే ఆర్సెనిక్ ట్రయాక్సైడ్, చైనాలోనే హార్బిన్ వైద్యుల నుంచి వచ్చింది. అది ఆ వికృత ప్రోటీన్‌నే ముక్కలు చేయిస్తుంది. రెండూ కలిపి, మామూలు కీమో లేకుండా ఇచ్చిన 2013 నాటి అధ్యయనంలో, ముప్పు తక్కువున్న రోగుల్లో 97 శాతం మంది రెండేళ్ల తర్వాత జబ్బు తిరగబెట్టకుండా ఉన్నారు.

అయితే ఇది ఆసుపత్రిలో, నరానికి ఎక్కించే శుద్ధమైన మందు. తరచూ గుండె పట్టీ (ఈసీజీ), పొటాషియం చూస్తూ ఇస్తారు. ఊళ్లో భస్మం పేరుతో అమ్మేది ఇది కాదు. ఇంకో మాట. ఏపీఎల్‌లో మొదటి వారాల్లోనే మెదడులోనో ఊపిరితిత్తుల్లోనో రక్తస్రావమై మనిషి పోవచ్చు. ఒంటి మీద కమిలిన మచ్చలు, చిగుళ్ల నుంచి ఆగని రక్తం కనిపిస్తే మంచిరోజు చూసుకుని బయల్దేరకండి. ఆ రాత్రే వరంగల్ ఎంజీఎం ఆసుపత్రికైనా సరే వెళ్లి రక్తపరీక్ష చేయించండి.

అజాసైటిడిన్ సూదులు ఇస్తున్నరు. రెండు నెలలైనా ఫాయిదా లేదు. ఆపేయాల్నా?

ఈ ప్రశ్న కోసమే ఇదంతా రాస్తున్నాను. ఆపకండి, ముందు మీ డాక్టరుతో మాట్లాడండి.

ఇందాకటి నకలు గుర్తుందా? ఏఎంఎల్ లాంటి జబ్బులకు ఇచ్చే అజాసైటిడిన్ చూడ్డానికి సి అక్షరంలా ఉంటుంది. కణం మోసపోయి దాన్ని కొత్త డీఎన్ఎలో అల్లుకుంటుంది. నకలు రాయడానికి వచ్చిన డీఎన్ఎంటీ1 దానికి అంటుకుపోయి, ఊడి రాలేక, అక్కడే నాశనమవుతుంది. నకలు రాసేవాడు లేడు కాబట్టి కణం చీలిన కొద్దీ మిథైల్ గుర్తులు పలచబడతాయి, మూసుకున్న తూములు కొన్ని తెరుచుకుంటాయి. దీనికి కణాలు చీలాలి, మళ్లీ చీలాలి. అందుకే నెమ్మది. 28 రోజుల వరుసలో 7 రోజులు సూది, అట్లా కనీసం ఆరు వరుసలు చూడమంటారు. పైగా మొదటి ఒకటి రెండు వరుసల్లో రక్తకణాలు ఇంకా పడిపోతాయి, రక్తం ఎక్కించాల్సి వస్తుంది. ఇంట్లోవాళ్లకు అది మందు వికటించినట్టే కనిపిస్తుంది. మాకు తెలిసిన ఒకాయన మూడో వరుసకు ముందు, పంట కోతలున్నాయని, ఇక లాభం లేదని మానేశారు. నాలుగో వరుస వరకు ఆగితే ఏమయ్యేదో ఎవరూ చెప్పలేరు. ఆ మాట ఆయన కొడుకు నన్ను ఇప్పటికీ అడుగుతుంటాడు. ఇప్పుడు ఏఎంఎల్‌లో వెనెటోక్లాక్స్ గోలీ జతచేస్తే చాలామందిలో ఫలితం ఒకటి రెండు వరుసల్లోనే తెలుస్తోంది. ఏది ఎవరికో తేల్చేది మీ డాక్టరు.

ఈ మందును 1960ల్లో ప్రేగ్‌లో తయారుచేశారు, కణాలను చంపే మామూలు విషమందుగానే. 1980లో పీటర్ జోన్స్, షిర్లీ టేలర్ దీన్ని ఎలుక కణాలకు పెడితే కొన్ని కండర కణాలుగా మారిపోయాయి. మూసిన తూములు తెరవొచ్చని అప్పుడు అర్థమైంది. అమెరికాలో అనుమతి వచ్చింది 2004లో, తక్కువ మోతాదుతో.

దినాం ఒక గోలీ మింగితే చాలంటరు గదా, అది మాకెందుకు ఇయ్యరు?

అది సీఎంఎల్ అనే వేరే క్యాన్సర్‌కు. అక్కడ ఒకే ఒక్క తప్పు అతుకు, దానికి ఇమాటినిబ్ అనే గోలీ, 2001 నుంచి ఉంది. మన దేశంలో చవగ్గా దొరకడానికి 2013 నాటి సుప్రీంకోర్టు తీర్పు పెద్ద ఆసరా. ఏఎంఎల్‌లో తప్పు ఒక్కచోట ఉండదు. ఖర్చు విషయానికొస్తే, ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబర్ నుంచి 10 లక్షలు. ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి, నిమ్స్ ఆసుపత్రి రెండూ హైదరాబాదులో ఉన్నాయి. కార్డు, ఆధార్, పాత రిపోర్టులన్నీ ఒకే సంచిలో పెట్టుకుని పోండి.

ఏ పాపం తెలియని పసిపిల్లలకెందుకు వస్తది?

ఏడాదిలోపు పిల్లల లింఫోబ్లాస్టిక్ ల్యుకేమియాలో ఎక్కువ మందికి కేఎంటీ2ఏ అనే జన్యువు తెగి ఇంకోదానికి అతుక్కుని ఉంటుంది. అది చాలాసార్లు తల్లి కడుపులోనే జరుగుతుంది. తల్లి ఏం తిన్నదీ, గ్రహణం చూసిందా లేదా అన్నదీ దీనికి కారణం కాదు. ఈ మాట అత్తగార్లకు వినబడేలా చెప్తున్నాను. ఆ అతుకుడు ప్రోటీన్ మెనిన్ అనే ఇంకో ప్రోటీన్ భుజం పట్టుకుని పసికణాల తూములను తెరిచే ఉంచుతుంది. ఆ పట్టును విడగొట్టే రెవుమెనిబ్ అనే గోలీకి 2024 నవంబర్‌లో అమెరికా అనుమతి ఇచ్చింది.

పిల్లల ల్యుకేమియా మాటొస్తే ఒక తెలుగువాడి పేరు చెప్పాలి. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ కంపెనీలో ఫోలిక్ ఆమ్లం తయారుచేయించారు. గర్భిణులకు ఇచ్చే గోలీలో ఉండేది అదే. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే వైద్యుడు, ఆ మందు జాతి ఇచ్చిన పిల్లల్లో ల్యుకేమియా తగ్గకపోగా ఉరకలెత్తినట్టు గమనించారు. అయితే దాని శత్రువును ఇద్దాం అనుకున్నారు. ఆ శత్రువు అమినోప్టెరిన్ కూడా సుబ్బారావు బృందం పంపిందే. 1948లో 16 మంది పిల్లల్లో 10 మందికి కొన్నాళ్లపాటు జబ్బు తగ్గింది. దాని తమ్ముడు మెథోట్రెక్సేట్‌ను ఇవాళ్టికీ వాడుతున్నాం. డీఎన్ఎ మీద పడే మిథైల్ గుర్తుకు ముడిసరుకు అందే దారుల్లో ఫోలిక్ ఆమ్లం దారి ఒకటి. ఈ మాట నేను వెళ్లిన ప్రతి కాలేజీలో చెప్తాను. సుబ్బారావు ఎవరని మళ్లీ అడుగుతారు.

పసుపు, గోధుమగడ్డి, డీఎన్ఎ రిపేర్ పొడి?

పసుపు కూరలో వేసుకోండి. అందులోని కర్క్యుమిన్ గాజుపళ్లెంలో కణాల మీద పనిచేస్తుంది, కడుపులో నుంచి రక్తంలోకి మాత్రం సరిగా ఎక్కదు. ఎపిజెనెటిక్ అని రాసిన పొడి డబ్బా ఒకటి మా చిన్నమ్మ చూపించింది. మీద డీఎన్ఎ బొమ్మ ఉంది, అది కూడా ఎడమచేతి వాటంగా తిప్పి వేశారు. కీమో నడుస్తుండగా ఆకుపసర్లు తాగితే కాలేయం దెబ్బతిని అసలు మందే ఆపాల్సి రావచ్చు.

మూలుగ తీస్తే కాళ్లు పడిపోతయట?

పడిపోవు. వెన్నుపాములో గుచ్చరు. నడుము కింద, వెనకవైపు కటి ఎముకలో నుంచి తీస్తారు. మటన్‌లో మూలుగ బొక్క తెలుసు కదా, ఆ మెత్తటి పదార్థమే. మత్తుసూది ఇస్తారు, అయినా సిరంజితో పీల్చే ఆ రెండు మూడు సెకన్లు ఝుమ్మని లాగుతుంది. అబద్ధం చెప్పను.

ఒప్పుకుంటే అందులో ఒక చెంచాడు మాకు పరిశోధనకు ఇవ్వచ్చు. ఇవ్వకపోయినా వైద్యంలో తేడా ఉండదు. ఇస్తే మీకు సొంతంగా లాభం ఉండకపోవచ్చు, అదీ ముందే చెప్తాం. పోగొట్టిన సంగతీ చెప్పాలి. ఒక ఎండాకాలం, ఒక ఆసుపత్రి నుంచి మాకు రావాల్సిన నమూనాను ఎవరో పాడవకూడదని మంచి మనసుతో గడ్డకట్టే ఫ్రీజర్‌లో పెట్టారు. మాకు బతికున్న కణాలు కావాలి. తిప్పి తీస్తే ట్యూబంతా లక్క రంగు, తెల్ల ఉంగరం జాడ లేదు, కణాలన్నీ పగిలిపోయాయి. గడ్డకట్టించొద్దని పెట్టె మీద తెలుగులో రాయకపోవడం నా తప్పు. ఇప్పుడు ఎర్ర అక్షరాల్లో రాస్తున్నాం.

సార్, మా ఆదివాసీ పిల్లల్లో సికిల్ సెల్ ఉంది. మీ తూముల శాస్త్రం దానికి పనికొస్తదా?

ఉట్నూరు వైపు నుంచి ఒక టీచర్ అడిగారు. అది క్యాన్సర్ కాదు, హిమోగ్లోబిన్‌లో పుట్టుకతో వచ్చే లోపం. కానీ అదీ తూముల కథే. కడుపులో ఉన్నప్పుడు బిడ్డకు వేరే హిమోగ్లోబిన్ ఉంటుంది, దానికి ఈ లోపం లేదు. పుట్టాక బీసీఎల్11ఏ అనే నీరటి ఆ తూమును మూసేస్తాడు. ఆ నీరటిని ఎర్రకణాల దారిలో పనిచేయించే ఎన్‌హాన్సర్‌ను కత్తిరిస్తే పాత తూము మళ్లీ తెరుచుకుంటుంది. ఆ వైద్యానికి 2023 చివర్లో బ్రిటన్, అమెరికాల్లో అనుమతి వచ్చింది. అమెరికాలో ధర 22 లక్షల డాలర్లు. ఉట్నూరులో ఈ మాట అనడానికి నాకు సిగ్గేసింది. అందుబాటులో ఉన్నది హైడ్రాక్సీయూరియా. రక్త క్యాన్సర్లలో వాడే ఆ గోలీయే పిండ హిమోగ్లోబిన్‌ను కొంత పెంచి నొప్పులు తగ్గిస్తుంది. డాక్టరు చెప్పిన మోతాదులో, రక్తపరీక్షలు చేయిస్తూ రోజూ వేయాలి. నొప్పి తగ్గిందని ఆపొద్దు.

డిగ్రీ చదువుతున్న. ఈ పనిలోకి ఎట్ల రావాలె?

ఎమ్మెస్సీ, ఆ తర్వాత సీఎస్ఐఆర్ నెట్ లాంటి పరీక్ష రాసి ఫెలోషిప్. నెలకు 37,000 వస్తుంది, ఆలస్యంగా. సైన్స్ ఇంగ్లిష్‌లో ఉందని భయపడకండి, నేను పదో తరగతి దాకా తెలుగు మీడియమే. వరంగల్ నిట్‌లో ఇంజనీరింగ్ చదివే పిల్లలు కూడా రండి, మా పనిలో సగం ఇప్పుడు కంప్యూటర్ ముందే. కోట్ల అక్షరాల వరుసల్లో ఏ సి మీద గుర్తుందో వెతకాలి. బైసల్ఫైట్ అనే రసాయనంతో డీఎన్ఎను కడిగితే గుర్తు లేని సి, టి లాగా చదవబడుతుంది, గుర్తున్నది సి లాగే నిలుస్తుంది. ఆ తేడా పట్టే చిన్న ప్రోగ్రామ్ మీరే రాసి చూడండి. రాయగలిగితే వేసవి సెలవుల్లో రండి. ఏప్రిల్‌లో అయితే ఇంకా మంచిది, అప్పటికి మా డీప్ ఫ్రీజర్ మంచు గీకాలి, మనుషులు కావాలి.